మే ఎండల్లో ఓరుగల్లు, రామప్ప: పదకొండు చోట్లు కాదు, ఆరు చాలు

నిజామాబాద్‌లో డిగ్రీ ముగించుకున్న మీరూ, ఇంటర్ పరీక్షలు రాసిన మీ చెల్లెలూ మే రెండో వారంలో ఐదు రోజుల పాటు వీపు సంచులు తగిలించుకొని, ఆర్టీసీ బస్సుల్లోనే ప్రయాణిస్తూ పాత కోటలు, గుళ్లు చూడాలనుకుంటున్నామని రాశారు. జగిత్యాల కోట, బొమ్మలమ్మ గుట్ట, కోటిలింగాల, ధూళికట్ట, ఎలగందుల, నగునూరు, ఓరుగల్లు కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప, కోటగుళ్లు, పాండవుల గుట్ట – ఈ పదకొండూ ఐదు రోజుల్లో అవుతాయా అని అడిగారు. బస్సుల లెక్క ప్రకారం ఎలాగోలా అవుతాయి. కానీ ఇంటికి చేరాక ఏ శిల్పం ఏ గుడిదో ఫోనులోని ఫోటోల తేదీలు చూసి తేల్చుకోవలసి వస్తుంది. హనుమకొండలో ఉంటూ పాతికేళ్లుగా ఈ రాళ్ల మధ్య తిరుగుతున్నవాడిగా నా సలహా ఏమిటంటే, జాబితాలో ఐదింటిని కొట్టేయండి, మిగిలిన ఆరింటిని తీరికగా చూడండి.

దీనికి కారణం దూరం కాదు, ఎండ. మే నెలలో వరంగల్‌లో పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం మామూలే, కొన్ని రోజులు 45 వరకూ పోతుంది. ఇక్కడి కట్టడాలన్నీ రాతివి, చుట్టూ ఉన్నవీ రాతి గుట్టలే కాబట్టి పొద్దంతా తాగిన వేడిని అవి సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటాయి. అందువల్ల వేసవిలో ఒక రోజు అంటే మీకు దక్కేవి రెండు ముక్కలే: పొద్దుగాల ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఒకటి, సాయంత్రం నాలుగున్నర నుంచి పొద్దు గూకే వరకు ఇంకొకటి. నడుమ ఉన్న ఏడు గంటలు నీడలో కూర్చోవడానికీ, తినడానికీ, అవసరమైతే నిద్రపోవడానికీ. ఐదు రోజులకు పది ముక్కలు, అందులో రెండు మూడు ప్రయాణానికే పోతాయి. ముక్కకు ఒక చోటు అనుకుంటే లెక్క ఆరేడు దగ్గరే ఆగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మీరు అనుకున్న రెండో వారం ఆ కార్తెకు ముందే వస్తుంది కాబట్టి ప్రయాణాన్ని మాత్రం ఇంకా ఆలస్యం చేయకండి.

వేసవిలో రావడం వల్ల ఒక లాభమూ ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. వానలు పడ్డాక కోట గోడల మీద, గుట్టల మీద గడ్డి నడుము ఎత్తు పెరుగుతుంది, పునాదులు కనబడవు, పాముల భయంతో పక్కకు అడుగు వేయలేము. మేలో ఆ గడ్డంతా ఎండిపోయి రాతి వరుసలు, కందకపు గట్లు, కూలిన మెట్లు స్పష్టంగా బయటపడతాయి. మట్టికోట రూపం అర్థం కావాలంటే వేసవిని మించిన కాలం లేదని నా అనుభవం.

కొట్టేయవలసిన వాటి సంగతి ముందు చెబుతాను. కోటిలింగాల చరిత్రలో చాలా పెద్ద పేరు: గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఉన్న ఈ ఊళ్లో శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి నాణేలు దొరికాయి. అయితే అక్కడ కంటికి కనిపించేది తక్కువ, కొంత భాగం ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నీటిలో మునిగింది కూడా. ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది, కానీ ఆ ఇటుకల దిబ్బను చూసి ఆనందించాలంటే ముందు కొంత చదివి ఉండాలి. ఈ రెండూ చలికాలంలో, ఎవరైనా తెలిసినవారితో కలిసి చూడవలసిన చోట్లు. జగిత్యాల నక్షత్రాకారపు కోట మీ దారిలోనే ఉంది కనుక బొమ్మలమ్మ గుట్టకు ఆలస్యం కాదనుకుంటే అరగంట దిగి చూడవచ్చు, దాని కోసం ఒక పూట ఇవ్వనక్కర్లేదు. నగునూరు గుళ్లు చక్కనివే, మరోసారి కరీంనగర్ వచ్చినప్పుడు చూడండి. పాండవుల గుట్టలో ఆదిమానవులు ఎర్ర రంగుతో వేసిన బొమ్మలున్నాయి, వదులుకోవడం నాకే బాధగా ఉంది; అయినా అడవి దారి, నిలువు రాతి చరియలు, వాటికి వేలాడే పెద్ద తేనెపట్టులు, దగ్గరలో నీళ్లు లేకపోవడం – ఇవన్నీ కలిపి చూస్తే దారి తెలిసిన మనిషి తోడు లేకుండా ఇద్దరమ్మాయిలు మే నెలలో వెళ్లవలసిన చోటు కాదు.

ఇక మిగిలినవి. మీరు నిజామాబాద్ నుంచి కోరుట్ల, జగిత్యాల మీదుగా కరీంనగర్ వస్తారు కాబట్టి తెల్లవారుజామున ఐదింటికల్లా బస్సెక్కి, గంగాధర దగ్గర కురిక్యాలలో దిగండి. అక్కడి బొమ్మలమ్మ గుట్టకు టికెట్టు లేదు, గైడు లేడు, జనమూ ఉండరు. గుట్ట రాతి మీద జైన దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల రూపాలు చెక్కి ఉన్నాయి. ఆ బొమ్మల వల్లనే ఊరివారికి ఆమె బొమ్మలమ్మ అయింది. వాటి కింద పదో శతాబ్దపు శాసనం ఉంది. వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో కన్నడ ఆదికవిగా పేరు పొందిన పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించినది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ ఉన్న ఆ శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి, అంటే నన్నయ కంటే దాదాపు వందేళ్లకు ముందే ఉత్తర తెలంగాణలోని ఒక గుట్ట మీద తెలుగు పద్యం రాతికెక్కిందన్న మాట. తెలుగుకు ప్రాచీన హోదా కోసం వాదించినప్పుడు చూపిన ఆధారాల్లో ఇదీ ఒకటి.

శాసనాన్ని చదవడానికి ఒక చిన్న కిటుకు చెబుతాను, ఇది అన్ని చోట్లా పనికొస్తుంది. ఫోను టార్చిని అక్షరాలకు ఎదురుగా పట్టకండి. రాతికి దాదాపు ఆనించినట్టుగా పక్క నుంచి, ఏటవాలుగా వేయండి. అంతదాకా నున్నగా కనిపించిన బండ మీద నీడలు లేచి, ఒక్కో అక్షరం పైకి వస్తుంది. ఆనాటి లిపి తెలుగుకూ కన్నడకూ ఉమ్మడి. కొత్తవారికి గడ్డుగానే ఉంటుంది, కానీ ఓపిక పడితే గ, ర వంటి ఒకటి రెండు అక్షరాలు పోల్చుకోగలరు. సున్నం పూయడం, నూనె రాయడం, సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

మధ్యాహ్నం కరీంనగర్‌లో గది తీసుకొని, ఎండ తగ్గాక ఎలగందులకు బయలుదేరండి. ఊరి పాత పేరు వెలిగందుల, కరీంనగర్ కంటే ముందు జిల్లా కేంద్రం ఇదే. కాకతీయుల నుంచి నిజాముల దాకా అందరి చేతులూ మారిన ఈ కోట మానేరు ఒడ్డున గుట్ట మీద ఉంది. పైన మసీదు మినార్ల దాకా ఎక్కితే దిగువ మానేరు జలాశయం నీళ్ల మీద పడే సాయంకాలపు ఎండ కనబడుతుంది. ఒక మినారును ఊపితే రెండోది ఊగుతుందని చెబుతారు, ఊపి చూడవద్దని నా మనవి. చీకటి పడక ముందే దిగండి. దిగే మెట్లు అరిగిపోయి జారుడుగా ఉంటాయి.

రెండో రోజు పొద్దున్నే హుజూరాబాద్ మీదుగా హనుమకొండ చేరుకోండి. ఇక్కడ రెండు రాత్రులు ఉంటారు కనుక పెద్ద సంచులు గదిలో వదిలి, చేతి సంచితో తిరగవచ్చు. గది హనుమకొండ బస్టాండుకు దగ్గరలో, కుటుంబాలు దిగే చోట చూసుకోండి. గది చూడకుండా ఫోనులోనే మొత్తం డబ్బు కట్టేయకండి. ఒకసారి అలా కట్టి, పై అంతస్తులో రేకుల కప్పు కింద ఉన్న గదిలో రాత్రంతా మేలుకొని, తెల్లారి కోటకు బదులు మందుల దుకాణానికి పోయినవాణ్ణి నేను. మేలో అడగవలసిన మొదటి ప్రశ్న ఏసీ ఉందా అని కాదు, గది పైన ఇంకో అంతస్తు ఉందా అని.

ఆ సాయంత్రం వేయి స్తంభాల గుడి. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు, నడుమ ఉమ్మడి రంగమండపం. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని మరమ్మతు కోసం విప్పి, ఏళ్ల తరబడి రాళ్లకు నంబర్లు వేసి పేర్చి ఉంచి, చివరకు మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. స్తంభాలు లెక్కపెట్టే పని పిల్లలకు వదిలేసి, మీరు నంది దగ్గర కూర్చొని దాని మెడలోని గంటల వరుసను, నల్లరాతికి వచ్చిన అద్దపు నునుపును చూడండి. రుద్రదేవుడు స్వతంత్రుడైన సంగతిని చాటే శాసనమూ ఇక్కడే ఉంది. ఒక జాగ్రత్త: చెప్పులు బయట వదలాలి, ప్రాంగణపు బండలు ఐదు గంటలకు కూడా పెనంలా ఉంటాయి. మందపాటి నూలు సాక్సులు ఒక జత సంచిలో వేసుకోండి.

మూడో రోజు మొత్తం కోటకే ఇవ్వండి. చాలామంది ఆటో దిగి, కీర్తి తోరణం ముందు ఫోటో తీసుకొని, అరగంటలో వెళ్లిపోతారు. వాళ్లు చూసింది కోట నడిబొడ్డును మాత్రమే, కోటను కాదు. గణపతిదేవుడు మొదలుపెట్టి, ఆయన కూతురు రుద్రమదేవి ముగించిన ఈ కోట వలయాలుగా ఉంటుంది. బయట మట్టికోట అడ్డంగా సుమారు 2.4 కిలోమీటర్లు, లోపల రాతికోట సుమారు 1.2 కిలోమీటర్లు, రెండింటికీ కందకాలు. పొద్దున్నే ఆటోవారిని తూర్పు వైపు మట్టికోట దగ్గరే ఆపమని, అక్కడి నుంచి నడవండి. మొదట గుట్టలాంటి కట్ట, దాటాక పొలాలు, ఇళ్లు, తరువాత కందకం, ఆ తరువాత రాతి గోడ. దండెత్తి వచ్చినవాడికి ఒక్కో అడుగూ ఎంత బరువో అప్పుడు తెలుస్తుంది. రాతికోటకు 45 బురుజులున్నాయి. ద్వారం తిన్నగా లోపలికి తెరుచుకోదు: ఒక వాకిలి దాటగానే గోడ ఎదురవుతుంది, పక్కకు మళ్లి ఇంకో వాకిలి దాటాలి. ఏనుగు పరుగెత్తి వచ్చి తలుపు గుద్దే వీలు లేకుండా చేసిన ఏర్పాటు అది. అక్కడ గోడకు దగ్గరగా నిలబడి రాళ్ల మధ్య వేలు పెట్టి చూడండి. సున్నం ఉండదు. పెద్ద పెద్ద బండలు ఒకదానికొకటి ఒరిపిడితో, బరువుతో నిలబడ్డాయి. రెండు రాళ్ల సందులో పోస్టుకార్డు దూరని చోట్లు నేను చూశాను.

ఈ గోడల దగ్గరే నాకు వడదెబ్బ తగిలింది. ఇరవై ఏళ్ల కిందట, పదకొండు కిలోల సంచితో, ఒక్క లీటరు నీళ్లతో, రాతికోట చుట్టూ ఒక్క తిరుగు తిరగాలనే పంతంతో బయలుదేరి, పదకొండు గంటలకు పడమటి బురుజుల దగ్గర కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డాను. మేకలు కాసే ఒక పెద్దమ్మ చూసి, చింతచెట్టు కిందకు నడిపించి, తన సద్దిలోని జొన్న అంబలి చల్ల కలిపి తాగించింది. “గీ ఎండల గోడలు జూడవడితివి, గోడలేడికి వోతయ్ బిడ్డా?” అని ఆమె అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి నా సంచి ఆరు కిలోలు దాటలేదు, నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తగ్గలేదు. తలకు తడి తువ్వాల, సంచిలో ఓఆర్ఎస్ పొట్లాలు, జేబులో ఉల్లిగడ్డ ఉంచుకోండి. ఉల్లిగడ్డ సంగతి డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు, మా అమ్మ కోసం రాస్తున్నాను. చెమట పట్టడం ఆగిపోయినా, తల నొప్పితో వాంతి వచ్చినట్టున్నా ఇక చూడటం ఆపి నీడకు చేరి, ఒళ్లు తడుపుకొని, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

తోరణాల దగ్గరకు ఎనిమిది లోపు చేరుకోండి. నాలుగు దిక్కులా నాలుగు, వాటి నడుమ ఒకప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. 1323లో ఢిల్లీ తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పడిపోయిన తరువాత ఆ గుడి నేలమట్టమైంది, తోరణాలు నిలిచాయి. వాటి మీద దేవతామూర్తులు కనిపించవు: కొసల మీద హంసలు, కింద వేలాడే తామరమొగ్గలు, అంతే. అందుకే వాటిని కూల్చలేదని కొందరంటారు. గెలిచినవాడికి కూడా తన కొలువు ముందు అంత ఠీవి గల ద్వారాలు అవసరమయ్యాయని ఇంకొందరంటారు. నాకు రెండో మాటే సబబుగా తోస్తుంది, ఎందుకంటే పక్కనే ఉన్న ఖుష్ మహల్ తోరణాలకు కూతవేటు దూరంలో కట్టిన దర్బారు. దాన్ని తరువాతి కాలంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని ఊళ్లో చెబుతారు, కాని లోపలికి వాలిన ఆ మందపు గోడలు ఢిల్లీలోని తుగ్లక్‌ల కట్టడాలను గుర్తుకు తెస్తాయి. పొద్దున పడమటి తోరణం వైపు నిలబడి తూర్పుకు చూస్తే, లేత ఎండలో తూర్పు తోరణం నీడ శిథిలాల మీద మీ వైపుకు సాగి పడుతుంది. సాయంత్రం మళ్లీ వచ్చి ఏకశిల గుట్ట ఎక్కండి. ఓరుగల్లు అన్న పేరు తెచ్చిన ఆ ఒంటి రాయి మీద నుంచి వలయాలన్నీ ఒకే చూపులో అందుతాయి. ఖిలా వరంగల్ ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్న ఊరు. ఇళ్ల ముందు శిల్పాల ముక్కలు కనిపిస్తే, ఇంటివారిని అడిగాకే ఫోటో తీయండి.

నాలుగో రోజు పొద్దున పద్మాక్షి గుట్ట ఎక్కి జైన శిల్పాలు చూసి, పది లోపు ములుగు వైపు బస్సెక్కండి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాసు దగ్గర దిగితే అక్కడి నుంచి పాలంపేటకు ఆటోలు దొరుకుతాయి. రామప్ప చెరువు దగ్గర పర్యాటక శాఖ కాటేజీలున్నాయి, ముందుగా బుక్ చేసుకోండి. హనుమకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు వచ్చి అదే పూట తిరిగిపోవడం దండగ. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. నీటిలో తేలే ఇటుకలతో కట్టిన శిఖరం గురించి, ఇసుక నింపిన పునాది గురించి అక్కడి గైడు చక్కగా చెబుతాడు, వినండి. గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద ఒంపు తిరిగి నిలిచిన మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, నల్లరాయి. సాయంత్రపు ఏటవాలు వెలుగులో ఎర్ర గోడ మీద వాటి నీడ ఇంకో మదనికలా పడుతుంది. గర్భగుడి ద్వారం దగ్గర కృష్ణుడు, గోపికల శిల్పాన్ని తడితే సరిగమలు పలుకుతాయని తట్టి చూపేవారుంటారు. ఎనిమిది వందల ఏళ్ల రాయిని రోజుకు వందమంది తడితే ఏమవుతుందో మీరే ఆలోచించి, ఒక నమస్కారం పెట్టి ముందుకు సాగండి.

ఐదో రోజు తెల్లవారగానే ఆటో మాట్లాడుకొని గణపురం కోటగుళ్లకు వెళ్లండి, పది పన్నెండు కిలోమీటర్లే. గణపేశ్వరాలయం, దాని చుట్టూ వరుసగా చిన్న గుళ్లు, అన్నింటినీ చుట్టి ప్రాకారం. రామప్పలో ఉన్నంత జనం ఇక్కడ ఉండరు, సగానికి సగం రాళ్లు ఇంకా పడినచోటే ఉన్నాయి. ఏనుగును తొక్కి నిలిచిన గజకేసరి శిల్పాలు చూడకుండా రాకండి. తొమ్మిదిన్నరకు ముగించుకుంటే పరకాల మీదుగా హనుమకొండ, అక్కడి నుంచి రాత్రికి ఇంటికి.

ఖర్చు గురించి అడిగారు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ అసలు కార్డు చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీ ఇద్దరికీ సున్నా టికెట్టే, డీలక్స్ ఎక్కితే మాత్రం డబ్బులు కట్టాలి. కాబట్టి డబ్బంతా గదులకు, ఆటోలకు పోతుంది. ఆటో ధర ఎక్కకముందే, వెయిటింగుతో కలిపి మాట్లాడుకోండి. తిండికి భయం లేదు, మేలో దారి పొడుగునా తాటి ముంజలు, పుచ్చకాయలు, ఊరూరా చలివేంద్రాలు ఉంటాయి. బస్టాండుల దగ్గర సర్వపిండి దొరికితే రెండు కట్టించుకోండి, మధ్యాహ్నం దాకా చెడదు.

డ్రోను తేవచ్చా అన్న మీ చెల్లెలి ప్రశ్నకు జవాబు: అనుమతి లేకుండా రక్షిత కట్టడాల మీద ఎగరేయకూడదు, ఇంట్లోనే వదిలి రండి. గోడల మీద పేర్లు చెక్కడం మీరు చేయరని తెలుసు, చేసేవారు కనిపిస్తే మీరు గొడవకు దిగకుండా అక్కడి కాపలాదారుకు చెప్పండి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణతో అలా చెక్కినందుకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.